మళ్లీ కార్డిచ్చాడు

మా కొండల్లో ఒకరింటికి వెళ్తే వాకిట్లోనే ఆగి కేకేస్తాం. వాళ్లు పీట వేసి, నీళ్లిచ్చి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఆ కబుర్లయ్యాకే వచ్చిన పని. అరకు రోడ్డు మీద మేం బొంగులో చికెన్ అమ్మే పాక వేశాక ఈ మర్యాద మూలపడింది. కార్లలో వచ్చినవాళ్లు తింటారు, బాగుందంటారు, విజిటింగ్ కార్డు చేతిలో పెట్టి డోరేసుకుంటారు. ఎవరి తాలూకు అని అమ్మ అడిగేలోపు కారు మలుపు తిరిగిపోతుంది.

అలా కార్డిచ్చినవాళ్లలో ఒకాయన విశాఖలో పెద్ద హోటల్ మేనేజరు. అప్పుడే ఇంటర్ పాసైన మా చెల్లి ఆయన పిల్లలతో ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంటే ముచ్చటపడ్డాడు. "డిగ్రీ అవగానే వచ్చి కలువమ్మా, ఉద్యోగం నేను చూస్తాను" అన్నాడు. ఆయనకది అలవాటు. మాకు మాత్రం పేరున్న కాగితం చేతిలో పెట్టడమంటే మాటివ్వడమే. ఆ నెలలోనే చెల్లికి నర్సింగు శిక్షణలో సీటొచ్చింది. వద్దంది.

"ఆయన ఉద్యోగం అట్టిపెడతాడు కదక్కా. మనం మాట తప్పితే ఏటనుకుంటాడు?"

నేనూ సరేనన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

డిగ్రీ అయ్యాక ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. పోయిన నెల ఇద్దరం రైలెక్కి వెళ్లాం. హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి కార్డు తీసుకుని లోపలికెళ్లింది. రెండు గంటలు సోఫా అంచున కూర్చున్నాం. మధ్యమధ్యలో ఆ అమ్మాయి వచ్చిపోతుంటే ఆమె చీరకట్టూ, నవ్వే తీరూ చెల్లి కళ్లార్పకుండా చూసింది. ఆ కౌంటరు వెనక నిలబడాలన్నదే దాని కోరిక.

చివరికి ఆ అమ్మాయి కొత్త కార్డు తెచ్చి ఇచ్చింది. పేరు అదే, హోదా పెరిగింది.

"సార్‌కి మీరెవరో గుర్తు రావట్లేదట. ఇందులో ఉన్న మెయిల్‌కి వివరాలు పంపండి."

పాత కార్డు ఇమ్మని చెల్లి అడిగింది. సార్ చింపేశారంది.

రైల్లో చెల్లి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇంటికొచ్చేసరికి అమ్మ పాక ముందు బొంగులు కోస్తోంది.

"ఏటన్నాడే?"

"కార్డిచ్చాడమ్మా" అంది చెల్లి.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "మళ్లీ ఇచ్చాడా? ఐతే మా గుంటని మరిసిపోలేదన్నమాట" అని సంబరంగా నావైపు చూసింది.

నేను అవునన్నాను. చెల్లి లోపలికెళ్లి, ఉన్న ఒక్క మంచి చుడీదార్ విప్పి, పొగ వాసనేసే నైటీ తొడుక్కొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది.