రిఫ్రెష్ కొట్టొద్దన్నాను

నర్సింగ్ సీట్లకు ఆన్‌లైన్‌లో ఎవరు ముందు ఫారం నింపితే వాళ్లకే సీటు అని పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ వెబ్‌సైట్ సర్వర్ మాత్రం ఖమ్మంలో మా ఆఫీసులో, నా నెత్తిమీద ఉండేది. అప్పటికి ఊళ్లలో నెట్ అంటే ఇంకా ఫోన్ తీగే.

పొద్దున పదింటికి ఫారాలు తెరిచాం. పదీ పదికల్లా సర్వర్ పడిపోయింది. తెర నల్లబడి, మీద కెర్నెల్ ఆగిపోయిందని నాలుగు ముక్కలు. లోపల ప్రతి పనికీ మెమరీ పంచిపెట్టే ప్రోగ్రామ్ అది. దానికే చాలకపోతే ఇక ఎవరికి చెప్పుకోవాలి? రీసెట్ నొక్కితే లేస్తుంది, పది నిమిషాలకు మళ్లీ పడుతుంది.

"ఇంకో ర్యామ్ ఎయ్యమ్మా" అన్నాడు మా సార్. వేశాను. ఈసారి ఐదు నిమిషాలకే పడింది. మెమరీ పెంచినకొద్దీ, దాని వివరాలు రాసుకోవడానికి ఆ పాత కెర్నెల్‌కున్న కాస్త చోటు ఇంకా ముందే నిండిపోతుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఏడుపొచ్చింది.

అంతలో బూర్గంపాడు నుంచి మా చెల్లె ఫోన్. నెట్ సెంటర్ పక్కనున్న కాయిన్ బాక్స్ నుంచి చేసింది. ఈసారి సీటు రాకపోతే చదువు బంద్ అని నాన్న తేల్చేశాడు.

"అక్కా, పేజీ వస్తలేదు. రిఫ్రెష్ కొట్టీ కొట్టీ వేలు నొస్తుంది. నువ్వే నింపరాదక్కా?"

ఆఫీసు వాళ్లు ఫారాలు ముట్టుకోవద్దని సార్ ఆర్డర్. పైగా నాకు ఒళ్లు మండిపోతోంది.

"మీరందరు గట్ల కొట్టబట్టే ఇది పడిపోతుంది. నువ్వన్న ఊకో. సర్వర్ లేసినంక సెంటర్‌కి నేనే ఫోన్ చేస్త. అప్పటిదాంక ముట్టకు."

"సరే అక్కా, ముట్ట."

మూడింటికి, ఇక ఏమీ తోచక, ఒకేసారి లోపలికి వచ్చేవాళ్ల సంఖ్య బాగా తగ్గించి చూశాను. సర్వర్ నిలబడింది. పది నిమిషాలు. ఇరవై. ఫారాలు జలజలా వచ్చి పడుతున్నాయి. వెంటనే సెంటర్‌కి ఫోన్ చేశాను. బిజీ. మళ్లీ బిజీ.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. అక్కడ నెట్‌కీ ఫోన్‌కీ ఒకటే లైను. నా కబురు రాగానే నింపేయాలని చెల్లె నెట్ కలిపి పెట్టుకునే కూర్చుని ఉంటుంది. నెట్ ఉన్నంతసేపూ నా ఫోన్ అక్కడ మోగదు. కాయిన్ బాక్స్ నంబర్ నేను అడగనే లేదు.

సార్ మాట గాలికొదిలి ఫారం నేనే తెరిచాను. పేరు కొట్టాను, పుట్టిన తేదీ కొట్టాను. హాల్‌టికెట్ నంబర్ దగ్గర చేతులు ఆగిపోయాయి. పొద్దున అడిగి రాసుకుని ఉంటే అరనిమిషం పని. సీట్లన్నీ నిండేదాకా ఆ తెర ముందు అలాగే కూర్చున్నాను.

ఐదింటికి చెల్లె మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"అక్కా, నువ్వు చెప్పినవని పొద్దటిసంది ఒక్కసారి గూడ కొట్టలె. ఇప్పుడు కొట్టనా?"