పటమట పెద్దాయన రాని మీటింగు

ఆ రోజుల్లో మనిషి ముఖం చూడకుండా ఏళ్ల తరబడి స్నేహం చేసే సౌకర్యం అందరికీ ఉండేది కాదు. ఇప్పుడంటే ప్రతివాళ్లకీ ఫోన్లో ఎప్పుడూ చూడని స్నేహితులు పాతికమంది ఉంటున్నారు గానీ, అప్పట్లో ఆ సుఖం మా హామ్ రేడియో వాళ్లకే దక్కింది. (హామ్ రేడియో అంటే పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో ఈ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లతో మాట్లాడుకునే సరదా. ఈ ముక్క పెళ్లిచూపుల్లో వివరించబోయి నేను పడ్డ అవస్థ ఇక్కడ అనవసరం.) ఏటా జరిగే మా జిల్లా హామ్‌ల సమావేశం చరిత్ర రాసిపెట్టమని ఈ మధ్య కుర్రాళ్లు అడిగితే, పాత మినిట్స్ పుస్తకం తీసి చూశాను. మొదటి సమావేశం గురించి అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. "అధ్యక్షులు అనివార్య కారణముల వలన రాలేకపోయినందున సభ వారు లేకుండానే జరిగినది." ఆ వాక్యం రాసింది నేనే. రాలేకపోయిన ఆ అధ్యక్షుణ్ణి కూడా నేనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పటమటలో ఒక పంపుసెట్ల షాపులో స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర ఉద్యోగం, ఆ దగ్గర్లోనే ఓ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గదిలో మకాం. లైసెన్సు వచ్చిన కొత్తలో సెట్టు చేతిలోకి తీసుకుంటే పది ఊళ్లవాళ్లు వింటారని భయం. అందుకని మర్నాడు ఏం మాట్లాడాలో ముందురోజే కాగితం మీద రాసి పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. తర్వాతి లైను కనిపించకపోతే వెతుక్కునేందుకు టైము కావాలి కాబట్టి మధ్యలో కొంచెం దగ్గేవాణ్ణి. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురే. ఆ రేకుల గదీ, పక్కనున్న ఖాళీ ట్యాంకూ కలిసి దానికి నాలో ఎక్కడా లేని గాంభీర్యం తెచ్చిపెట్టాయి.

రోజూ పొద్దున ఏడింటికి అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి హాజరు వేయించుకునేవాళ్లం. హాజరు తీసుకునేది ఇబ్రహీంపట్నం ఇంజనీరు గారు. నా వంతు రాగానే "పటమట పెద్దాయన వచ్చారండి, మిగతావాళ్లు కాస్త ఆగండి" అనేవారు. ఏదో మర్యాదకి అంటున్నారనుకున్నాను. ఒకరోజు మైలవరం మాస్టారు (ఆయన రిటైరైన లెక్కల మాస్టారు) "మీకు షుగర్ ఉందాండీ?" అని అడిగారు. "ఇంకా రాలేదండి" అన్నాను. "అదృష్టవంతులు" అన్నారు. ఇంకోరోజు "పిల్లలు సెటిలయ్యారాండీ?" అన్నారు. "ఇంకా లేదండి" అన్నాను, నిజమే కదా. "అయిపోతార్లెండి, బెంగ పెట్టుకోకండి" అని ధైర్యం చెప్పారు. ఒక్క అబద్ధమూ ఆడకుండా నెల తిరిగేసరికి నేను అరవై దాటినవాణ్ణయిపోయాను. అప్పుడే ఉన్నమాట చెప్పేస్తే సరిపోయేది. కానీ షాపులో పొద్దస్తమానం "ఒరేయ్, ఆ వాషర్ ఇలా పట్రా" అనిపించుకునేవాడికి, పొద్దున్నే పావుగంట సేపు పదిమంది చేత అండీ అనిపించుకోవడం ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు హాజరు అయ్యాక మాస్టారు నన్ను పక్క ఫ్రీక్వెన్సీకి రమ్మన్నారు. (అలా ఇద్దరు పక్కకి వెళ్తే మిగతా అందరూ చెవులు రిక్కించుకుని చప్పుడు కాకుండా వెనకాలే వస్తారని నాకు తర్వాత తెలిసింది.) వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ చదివి, చేస్తున్న ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి కైకలూరు వైపు చేపల చెరువులు వేస్తానంటున్నాడట. ఎనిమిది నెలలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. మజ్జిగ వడ్డించమనడానికి కూడా ఇద్దరికీ ఆ తల్లే మధ్యవర్తి. ఆకాశంలోకి ఏరియల్ ఎత్తి ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడే మనిషి, పక్కగదిలో ఉన్న కొడుకుతో మాట్లాడటం లేదు. "మీరు పిల్లలు గలవారు, లోకం చూసినవారు. నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగారు. దానికి నా కాగితం మీద జవాబు లేదు. చాలాసేపు దగ్గాను. చివరికి, "మీ అబ్బాయి చెప్పేది ఎప్పుడన్నా మొత్తం విన్నారాండీ? ఇక్కడ మనం ఎదుటివాళ్లు మాట ముగించి ఓవర్ అనేదాకా మాట్లాడం కదా. మాట్లాడదామన్నా కుదరదు. ఇంట్లో కూడా ఒక్కసారి అలా విని చూడండి" అన్నాను. మాస్టారు "సరేనండి" అన్నారు. ఆ కొడుకు నాకంటే ఏడాది పెద్దవాడు.

ఎండాకాలం మొదట్లో ఇంజనీరు గారు ప్రకటించారు. "మనకి గొంతులే గానీ ముఖాలు తెలీవు. మా ఊళ్లో ఓ కాలేజీ వాళ్లు హాలు ఇస్తామన్నారు, అందరం కలుద్దాం. అధ్యక్షత పటమట పెద్దాయనదేనండి, కాదనకూడదు." నేను వద్దు వద్దంటే అది పెద్దమనుషుల మొహమాటం అనుకున్నారు. నా పరువు సంగతి అలా ఉంచండి, నాకు అసలు భయం మాస్టారి గురించి. తనకి సలహా చెప్పింది ఇరవై మూడేళ్ల కుర్రకుంక అని తెలిస్తే ఆయన ఎంత అవమానపడతారు? ఆ కోపం వెళ్లి మళ్లీ ఆ కొడుకు మీదే పడితే? వెళ్లకుండా ఊరుకుంటే పోయేది. కానీ ఏడాదిగా వింటున్న గొంతుల ముఖాలు చూడకుండా ఉండటం నావల్ల కాలేదు. వెనక నిలబడి అందరినీ ఒకసారి చూసి, ఎవరికీ తెలియకుండా బస్సెక్కేద్దామని బయల్దేరాను.

గేటు దగ్గరే దొరికిపోయాను. గొంతును బట్టి నేను ఆరడుగుల మనిషిగా ఊహించుకున్న ఇంజనీరు గారు నా భుజం దాకా ఉన్నారు. "టెంట్ హౌస్ నుంచేనా బాబూ? ఇంతాలస్యమైతే ఎలాగయ్యా, కుర్చీలు వెయ్యి" అన్నారు. కాదని చెప్పడానికి నోరు తెరిచి, ఈ గొంతు విప్పితే ఇక అంతేనని గుర్తొచ్చి, మెడ పట్టుకుని మాట రావడం లేదని సైగ చేశాను. "అయ్యో, మాటలు రావా నాయనా" అని ఆయన మెత్తబడిపోయారు. "ముందు మజ్జిగ తాగు, కుర్చీలు తర్వాత వేద్దువుగానిలే" అని గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టారు. సిగ్గుపడుతూనే తాగాను. ఆ సిగ్గులోనే హాల్లో కుర్చీలన్నీ వేశాను. ఒక్కొక్కరే వస్తున్నారు. ఎదురెదురుగా నిలబడి ఎవరో తెలియక బిక్కమొహాలు వేసుకుని, నోరు విప్పగానే "ఓహో, మీరాండీ" అని కావలించుకుంటున్నారు. నన్ను మాత్రం ఎవరూ కావలించుకోలేదు. స్టేజీ మీద మధ్య కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద కొత్త శాలువా మడతపెట్టి ఉంది.

చివరి వరసలో నా పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నారు. కాళ్ల దగ్గర సంచీ నిండా చిన్న రసాల మామిడిపళ్లు. నోరు విప్పగానే మాస్టారని తెలిసింది. నాకు మాటలు రావని ఇంజనీరు గారు చెప్పే ఉంటారు. బదులు చెప్పలేనివాడితో మనసు విప్పడం సులువేమో, నాతో చెప్పుకుంటూ పోయారు. "ఇవి పెద్దాయనకి తెచ్చానయ్యా. మా వాడు చెరువులంటే నేను మండిపడ్డాను. మధ్యలో ఆపకుండా వినమన్నారాయన. విన్నాను. ముప్పావుగంట చెప్పాడు. వాడికి అంత తెలుసని నాకు తెలీదు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడా, వాడి మాట మొత్తం విన్నది అదే మొదలు. అన్నీ నచ్చాయని కాదు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, అంతే. ఇవాళ నన్ను బండి మీద తీసుకొచ్చింది వాడే." గుమ్మం దగ్గర తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూపించారు.

పదిన్నర అనుకున్న సభ పన్నెండైనా మొదలుకాలేదు. ఇంజనీరు గారు సెట్టు పట్టుకుని "పటమట పెద్దాయన గారూ, వింటున్నారాండీ, ఓవర్" అని నాలుగుసార్లు పిలిచారు. నా సంచీలో సెట్టు ఆపేసి ఉంది. మాస్టారికి కుదురు పోయింది. "ఆయన ఒక్కరోజు కూడా హాజరు తప్పలేదండీ. మేడ మీద రేకుల గది అన్నారు. ఈ ఎండకి, ఆ వయసులో, ఒంటరి మనిషికి ఏమన్నా అయితే చూసేదెవరు?" అని లేచి నిలబడి, కొడుకుతో "బండి తియ్యరా. పటమటలో రేకుల గదులన్నీ వెతుకుదాం" అన్నారు. అప్పటికే ఆయన చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. ఇక నావల్ల కాలేదు.

"మాస్టారూ, వెళ్లకండి. నేను బాగానే ఉన్నానండీ" అన్నాను.

మాస్టారు నా వైపు తిరగలేదు. కళ్లు మూసుకుని "ఇంకోసారి అనండి" అన్నారు. అన్నాను. "ఆయనే" అన్నారు. తర్వాత కళ్లు తెరిచి నన్ను కిందినుంచి పైదాకా చూశారు. నేను నిజంగా టెంట్ హౌస్ వాణ్ణే అయ్యుంటే ఎంత బాగుండేదనిపించింది.

"పిల్లలు సెటిల్ కాలేదన్నావు?"

"పెళ్లి కాలేదండి."

"షుగరు?"

"రాలేదనే కదండీ చెప్పాను."

ఇంజనీరు గారు పొట్ట పట్టుకుని నేను వేసిన కుర్చీలోనే కూలబడ్డారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "మరి మా వాడి సంగతి? అది ఏ అనుభవంతో చెప్పావు?" అని అడిగారు.

నాకు దగ్గు కూడా రాలేదు. "మా నాన్న నా మాట ఎప్పుడూ అలా వినలేదండి. వింటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అదే చెప్పాను" అన్నాను.

"నలుగురు తండ్రుల్ని అడిగానయ్యా నేను. నలుగురూ వాడికి బుద్ధి చెప్పమన్నారు" అన్నారాయన. కొడుకుని పిలిచి "ఈ సంచీ ఇతని దగ్గర పెట్టరా" అన్నారు. అది కోపమో సంతోషమో ముఖం చూస్తే తెలియలేదు గానీ, పళ్లన్నీ నాకే ఇచ్చేశారు. సభ అధ్యక్షుడు లేకుండా జరిగింది. శాలువా ఆ రోజు భోజనాలు వండిన వంటాయనకి కప్పారు. మినిట్స్ రాసే శిక్ష నాకు పడింది. మర్నాడు ఏడింటికి నేను కాగితం లేకుండా హాజరు చెబితే అందరూ తమ్ముడూ అని పలకరించారు. మాస్టారు ఒక్కరే "పటమట పెద్దాయన గారికి నమస్కారమండీ" అన్నారు. ఎదురుపడితే ఏరా అనేవారు గానీ, రేడియోలో మాత్రం పోయేదాకా అలాగే పిలిచారు.

ఇప్పుడు నాకు నిజంగానే పెద్దాయన అనిపించుకునే వయసు దగ్గరపడింది. మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ వద్దు, వంటల కోర్సు చేస్తానంటోంది. మొన్న భోజనాల దగ్గర ఎందుకో చెప్పబోయింది. నేను రెండు నిమిషాలు విని "నాకు తెలుసులే" అన్నాను. అది కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచీ రేకుల గదిలోని ఆ కుర్రాడే గుర్తొస్తున్నాడు. వాడికి పెళ్లాం లేదు, పిల్లల్లేరు, లోకం గురించి ఏమీ తెలియదు. వాడెక్కడన్నా కనిపిస్తే, మా అమ్మాయి విషయంలో నన్నేం చెయ్యమంటారండీ అని అడగాలని ఉంది.