గేషె చెక్క పార

ప్రతి నడకకు ముందూ గేషెకి కడుపులో దేవేది. కరకట్ట వెనక్కి వెళ్లి, ఎవరికీ కనబడకుండా వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని, అప్పుడు జనం ముందుకొచ్చి నవ్వేది. ఏళ్ల తరబడి ఇదే వరస.

సముద్రపు ఒడ్డునున్న టోమ్స్‌బ్యుల్ ఊళ్లో ఆమెకి పిరికి గేషె అని పేరు. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసినన్నాళ్లూ ఆ పేరు లేదు. షెడ్డు మూతపడ్డాక, ఆటు వేళ సముద్రం వెనక్కి తీస్తే తేలే బురదనేల మీద పట్నం వాళ్లని నడిపించే పనిలో దిగాక వచ్చింది. ఆ పని నేర్పింది ఆమె బాబాయి హార్కె. వయసులో ఉన్నప్పుడు ఎదుటి దీవికి కాలినడకన టపా మోసిన మనిషి. పాఠాలేమీ చెప్పలేదు. "నా వెనక రా. నేనెక్కడ అడుగేశానో చూడు. ఎందుకేశానో నువ్వే తెలుసుకో," అన్నాడు.

మొదటి ఏడాదే ఆమె చేతులెత్తేసింది. "నాకు భయమేస్తోంది బాబాయ్. నా వల్ల కాదు."

"వెయ్యకపోతే నేనే మానిపించేవాణ్ణి. పద," అన్నాడాయన.

చూసి చూసి నేర్చుకుంది. నిగనిగలాడే బురద కాలిని మింగుతుంది, అలల గీతలు పడ్డ ఇసుక మనిషిని మోస్తుంది. కర్ర గుచ్చితే వచ్చే చప్పుడుని బట్టి కింద ఏముందో చెప్పగలిగేది. మందలుగా ఎవరినీ తీసుకెళ్లేది కాదు, ఊరు పిరికి అన్నది అందుకే. సీల్ పిల్లలు పడుకునే ఇసుకతిన్నె వైపు తొంగి కూడా చూడనిచ్చేది కాదు. గవ్వ ఏరినా, పురుగు తీసినా, ఎక్కడిది అక్కడే పెట్టించేది.

ఇంకా ఎవరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు లేని రోజులవి. ఆ సెప్టెంబరు ఉదయం ఒక బేకరీ వాళ్లు విహారానికి వచ్చారు. యజమాని డెట్లెఫ్, అతని దగ్గర రొట్టెలు చేసేవాళ్లు, వాళ్లందరిలోకీ పెద్దది హెడ్విగ్. మోకాళ్ల దాకా బురద పూసుకుని డెట్లెఫ్ ఒకటే నవ్వు. "పిండి బాగా పులిసింది గేషె గారూ, ఇంక కాల్చడమే ఆలస్యం!"

గేషె తన నాలుగు పళ్ల ఇనుప పారతో ఒకచోట తవ్వి, వేలంత లావు పురుగుని అరచేతిలో పెట్టి చూపించింది. "ఇది ఇసుక తిని, కడిగి, మళ్లీ బయట పోస్తుంది. ఇవి లేకపోతే ఈ నేలంతా కుళ్లి కంపు కొడుతుంది."

"జీతం అడక్కుండా రాత్రింబవళ్లు పనిచేస్తుందా? మా బేకరీకి రమ్మనండి," అన్నాడు డెట్లెఫ్.

"మాకు మాత్రం ఏం ఒరగబెడుతున్నావులే," అంది హెడ్విగ్. అందరూ గొల్లుమన్నారు.

ఆ నవ్వుల్లో అందరూ పురుగుని చేతులు మార్చుకుని చూశారు. గేషె దాన్ని మళ్లీ గోతిలో దించి, ఇసుక కప్పి, తలెత్తింది.

కరకట్ట లేదు. ఇటు తిరిగింది. దీవీ లేదు. పొగమంచు ఎప్పుడొచ్చి చుట్టుకుందో, చివర్న నిలబడ్డవాళ్ల ముఖాలు కూడా పాలలో కలిసిపోతున్నాయి.

సంచీలోంచి తాడు తీసింది. "అందరూ దీన్ని పట్టుకోండి. ఎవరూ వదలొద్దు." ఒక చేత్తో కర్రా తాడు కొసా, ఇంకో చేత్తో దిక్సూచి. పారకి చెయ్యి మిగల్లేదు. పళ్లు ముందుకి వచ్చేలా చంకలో ఇరికించుకుంది. గట్టు తూర్పున ఉంది. ముల్లు చూసుకుంటూ కదిలింది.

నడిచారు. దారికి గుర్తుగా పాతిన పుల్లల కట్టలు ఈపాటికి కనబడాలి. కనబడలేదు. ఇసుక పోయి మెత్తటి బురద వచ్చింది. వచ్చేటప్పుడు దాటని కాలవ ఒకటి అడ్డం వచ్చింది. ఆటు అయిపోయి పోటు మొదలైంది. పోటు ఎదురుగా వచ్చి పలకరించదు, ముందు కాలవల వెంట వెనక్కి చేరుతుంది. ఎక్కడో నీళ్లు గుసగుసలాడటం వినబడింది. అల్లం చేదెక్కింది. వెనక ఎవరూ నవ్వడం లేదు.

తాడు కొస తన వెనకే ఉన్నవాడికిచ్చి, పారని బురదలో గుచ్చి, గేషె కాలవ అంచు దాకా వెళ్లి వంగి చూసింది. నురుగు వాళ్లు నడుస్తున్న వైపు నుంచి ఎదురొస్తోంది. పోటు నీరు గట్టు వైపు పోవాలి. అంటే ఇంతసేపూ తాము వెళ్తున్నది సముద్రంలోకి.

చేతిలో దిక్సూచి చూసుకుంది. ముల్లు వేరే వైపు ఉంది. పరుగున పార దగ్గరికొచ్చింది. ముల్లు తిరిగింది. దూరం జరిగితే మళ్లీ వెనక్కి తిరిగింది.

"వెనక్కి తిరగండి," అంది. "నేను తప్పు నడిపించాను. ఈ ఇనుము ముల్లుని లాగేసింది. గట్టు అటు ఉంది."

డెట్లెఫ్ తాడు లాగి ఆపాడు. "ఇంతసేపూ ఇటన్నారు, ఇప్పుడు అటంటారా? అసలు మీకు దారి తెలుసా? ఇదీ తప్పైతే?"

ఇదీ తప్పైతే అందరూ పోతారు. అది గేషెకి తెలుసు.

హెడ్విగే మాట్లాడింది. "పొయ్యి మీద వేడి చూపించే ముల్లు చెడిపోతే నువ్వేం చేస్తావు డెట్లెఫ్? చెయ్యి పెట్టి చూస్తావు. ఆవిడ నీళ్లు చూసింది. తాడు పట్టుకుని నడు."

"ఈ పార ఎవరైనా చిట్టచివర్న, నాకు దూరంగా మోసుకురావాలి," అంది గేషె.

"ఇక్కడే పారెయ్యొచ్చుగా!"

"ఇక్కడ ఏదీ వదలం."

డెట్లెఫ్ ఏదో గొణిగి, పార భుజాన వేసుకుని చివరికి పోయాడు.

నీళ్లు చీలమండలకొచ్చాయి. ఆగి, కాళ్లని తాకుతున్న ప్రవాహం ఎటు పోతోందో చూసి, ముల్లు చూసి, కర్ర గుచ్చి అడుగేసేది. మోకాళ్లు. ఒక కాలవలో నడుం దాకా. ఎవరో ఏడుస్తున్నారు. "చివర్న ఉన్నావా?" అని ఆమె అరుస్తుంటే, "ఉన్నా, పార కూడా ఉంది!" అని డెట్లెఫ్ అరిచేవాడు. ఆ గొంతు వినబడేదాకా ఆమె అడుగు వేసేది కాదు.

ముందు వినబడింది గొర్రె దగ్గు. గొర్రెలు మేసేది గట్టు మీదే. ఆ తర్వాత గడ్డి కాళ్లకి తగిలింది. హార్కె లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కళ్లనీ చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆఖరివాడు పారతో సహా ఎక్కాక, గేషె అందరి ముందే వంగి వాంతి చేసుకుంది. ఆమె పడకుండా భుజం పట్టుకున్నది డెట్లెఫే.

ఇంటికెళ్లాక జరిగింది చెప్పింది. హార్కె తిట్టలేదు. "నా రోజుల్లో నేను పురుగులు చూపించలేదు. చేతిలో పార ఉండేది కాదు. నాకూ తట్టేది కాదు," అన్నాడు.

ఆ చలికాలమంతా ఆయన పాత పడవ చెక్క చెక్కాడు. చెక్క పిడి, చెక్క పలక, చెక్క సీలలు. దిక్సూచిని దాని మీద పెట్టి, అటూ ఇటూ జరిపి చూశాడు. ముల్లు కదల్లేదు. "ఒక్క మేకు లేదు. తీసుకో."

వసంతంలో మళ్లీ నడకలు మొదలయ్యాయి. గట్టు దాటే గేటు పక్కన ఆ ఇనుప పార వేలాడుతూ ఉండేది. వచ్చిన ప్రతి గుంపునీ దాని దగ్గర నిలబెట్టి, దిక్సూచిని పళ్లకి దగ్గరగా తెచ్చి చూపించేది. ముల్లు మెల్లగా తిరిగేది. జనం ఓహో అనేవాళ్లు. గేషెకి మళ్లీ కడుపులో దేవేది. అల్లం ముక్క నమిలి, చెక్క పార చంకన పెట్టుకుని, వాళ్లని బురదలోకి దించేది.