కార్డు అడగని వాచ్‌మన్

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటుకు పదకొండేళ్లుగా కాపలా కాస్తున్న బాలనర్సయ్య మామను గూఢచారి సినిమాకు తీసుకుపోయింది నేనే. డిగ్రీ వదిలేసినా సినిమాలు ఎంచడంలో మణికొండలో నన్ను మించినోడు లేడు. ఫైట్లు అదిరాయి, జోకులకు హాలు ఊగింది. మామ పడి పడి నవ్వాడు. ఇంతలో హీరో టై కట్టుకుని విలన్ ఆఫీసుకు రాగానే సినిమాలో వాచ్‌మన్ సలాం కొట్టి లోపలికి పంపాడు.

“ఏందిర గిది! కార్డు అడగకుండ పంపుతడా? మేం గంత పిచ్చోళ్లమా?” మామ లేచి నిలబడ్డాడు. “రేపటి సంది టై కట్టినోడల్లా నన్ను జూసి నవ్వుతడు.”

మర్నాడే మామ ఆఫీసు పెద్దసారు టైతో వచ్చాడు, కార్డు మరిచాడు. సూపర్‌వైజర్ సైగ చేసినా మామ గేటు తెరవక రిజిస్టర్ చాపాడు. ఎవరిని కలవాలో రాసే గడిలో సారు విసుగ్గా తన పేరే రాశాడు.

“గాయన ఇంక రాలే సార్, కూసోండ్రి,” అన్నాడు మామ.