చలిగది తలుపు దగ్గర అడగని ప్రశ్న

తిరుపతి బస్టాండు ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం అంగడిలో అంగడాయన ఫ్రీజర్ మూత ఎత్తగానే తెల్లటి చల్లగాలి ముఖానికి కొట్టింది. మే నెల ఎండలో నిలబడ్డ వాళ్ళందరికీ అది హాయి. నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను. "చలిగదిలో ఉద్యోగం చేస్తూ ఐస్‌క్రీం డబ్బాకు భయపడే మనిషిని నిన్నే చూశాను" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. చలికి భయపడడం నాకు నేర్పిన మనిషిని ఆయన చూడలేదు.

ఆ మనిషి మహబూబ్ బాషా సార్. చిత్తూరు దగ్గరి మామిడి ఫ్యాక్టరీలో నేను డిగ్రీ కాగానే చేరాను. తోతాపురి ముక్కలను గడ్డకట్టించి నిలవచేసే చలిగదికి ఆయన ఇన్‌చార్జి. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉండే గది అది. యాభై దాటిన సన్నటి మనిషి, లోపలి నుంచి వస్తే గడ్డం మీద మంచు నూగులా కనిపించేది. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరు లోపలికి పోయినా తలుపు దగ్గర ఇంకొకరు కాపలా ఉండాలి. ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి మూడు ప్రశ్నలు అడగాలి: నీ పేరేమి, మీది ఏ ఊరు, మీ అమ్మ పేరేమి? జవాబు తడబడితే పని ఎంత మిగిలినా సరే, మనిషిని బయటికి లాగెయ్యాలి. "ఒళ్ళు బాగుండాదని మనకు మనమే సెప్పుకుంటామమ్మా. నాలిక తడబడేది మాత్రం దాయలేం" అనేవారు.

మొదటి రెండు వారాలు పళ్ళు టకటకా కొట్టుకునేలా వణికాను. ఆకలి కూడా విపరీతం, మధ్యాహ్నం రెండు ముద్దల సంగటి చాలేది కాదు. మూడో వారంలో ఒకరోజు చూసుకుంటే వణుకు లేదు. ప్రాణం పోయే ముందు వణుకు ఆగిపోతుందని ఎవరో చెప్పగా విన్నాను. పెట్టె అక్కడే పడేసి బయటికి పరుగెత్తాను.

"సార్, నాకు వణుకు రావడం లేదు. చచ్చిపోతానా?"

"మీ యమ్మ పేరేమి?"

"రుక్మిణమ్మ."

"గట్టిగానే సెప్తివే! పో, సంగటి తిను. నీ ఒళ్ళు అలవాటు పడిండాది, అంతే."

ఆరోజే తన మెడ పక్కన, భుజం ఎముక పైన వేలు పెట్టి చూపించారు. ఫ్యాక్టరీకి వచ్చే డాక్టరు ఆయనకు చెప్పిన సంగతి అది. "ఈడ గోధుమ రంగు కొవ్వు రవ్వంత ఉంటాదంట. పొట్టలో కొవ్వు ఊరికే కూసోనుంటాది. ఇది అట్ల కాదు. దినామూ చలి తగిలితే పొయ్యి మాదిరి రాజుకుంటాది. ఒంట్లో కొవ్వూ చక్కెరా కాల్చి వేడి పుట్టిస్తాది. అందుకే వణుకు తగ్గేది. పసిబిడ్డలకు శానా ఉంటాదంట, వయసయ్యేకొద్దీ తగ్గిపోతాదంట."

"మరి మీకు?"

"ఇరవై ఏండ్లు చలిలో రాజిన పొయ్యి నాది, యాడికి పోతాది?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "అయితే ఒకటి సూడు. ఒళ్ళు అలవాటు పడినా వణుకు నిలుస్తాది, ఒళ్ళు చాతగాక చేతులెత్తేసినా నిలుస్తాది. బయటి నుంచి సూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. అందుకే అడగల్ల."

మరుసటి ఏడు మామిడి కాలంలో సార్ వాళ్ళమ్మ పోయింది. నలభై రోజులు గడిచాక పనిలోకి వచ్చారు కానీ మనిషి సగమయ్యారు. క్యారియరు విప్పకుండానే ఇంటికి తీసుకుపోయేవారు. అలాంటి ఒక పొద్దున చలిగదిలో పెట్టెల మీద చీటీలు తారుమారయ్యాయి, లారీ బయట ఎదురుచూస్తోంది. ఎండలో పెట్టెలు మోసి చెమటకు తడిసిన బనియను మీదే కోటు తొడుక్కుని, చీటీలు సరిచేయడానికి ఆయన లోపలికి పోయారు. తలుపు దగ్గర నేను.

"పేరేమి సార్?" "మహబూబ్ బాషా." "ఏ ఊరు?" "పీలేరు." మూడోది తల్లి పేరు. మొన్ననే తల్లికి మట్టి వేసి వచ్చిన మనిషిని ఆ పేరు ఎలా అడగను? వదిలేశాను. ఐదు నిమిషాలకోసారి రెండే అడిగాను. గంట దాటింది. చాలు రండి సార్ అని పెద్దాయనకు చెప్పడానికి నోరు రాలేదు. మాట నెమ్మదించింది, దిగులు అనుకున్నాను. వణుకు లేదు, ఆయనకు ఎప్పుడూ ఉండదు కదా అనుకున్నాను. ఆ తర్వాత అడిగితే జవాబే రాలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే పెట్టె మీద కూర్చుని కోటు విప్పేయాలని గుండీలతో పెనుగులాడుతున్నారు. "ఉడకపోస్తాందమ్మా" అన్నారు, ముద్దముద్దగా. అంత భయం నేను అంతకు ముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను. అరిచాను. ఇద్దరు హమాలీలు ఆయనను ఎత్తి వరండాలో పడుకోబెట్టారు. తడి బట్టలు తీసి దుప్పట్లు చుట్టాం. అంబులెన్సు వస్తోందని ఎవరో అన్నారు.

"సార్, మీ అమ్మ పేరేమి?"

నన్ను చూశారు. గుర్తుపట్టలేదు. ఏడుస్తూ మళ్ళీ అడిగాను, మళ్ళీ అడిగాను. అంబులెన్సు గేటు దాటి వస్తుండగా ఆయన దవడ కదిలింది, ఒళ్ళంతా వణకడం మొదలైంది. వణుకు చూసి అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నేనేమో. "జు... జులేఖాబీ" అన్నారు.

పది రోజులకు తిరిగి వచ్చారు. తిడతారనుకున్నాను.

"నాకు బాధయితాదని అడగలేదు కదా?"

"అవును సార్."

"తిండి తినకుండా పొయ్యిని నమ్ముకునేది నా తప్పు. కట్టెలు లేని పొయ్యి ఎట్ల మండుతాది? అడగకుండా వదిలేసింది నీ తప్పు. బాధకు మనిషి సావడమ్మా, అడుగు."

ఇంకేమీ అనకుండా కోటు తొడుక్కుని లోపలికి పోయారు. ఐదు నిమిషాలకు అడిగాను. తల్లి పేరు చెప్పేటప్పుడు ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. పదో నిమిషానికీ అంతే. అయినా అడిగాను.

ఆయన రిటైరయ్యాక ఆ తలుపు నా చేతికి వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు నన్ను రాతిగుండె మనిషి అంటారని తెలుసు. తల్లి పోయిన వాళ్ళనూ అడుగుతాను, తల్లితో మాటలు లేని వాళ్ళనూ అడుగుతాను. చలి నా ఒంటికి ఎన్నడో అలవాటైపోయింది. అడిగాక లోపలి నుంచి జవాబు వచ్చేదాకా ఉండే ఆ రెండు క్షణాలు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.