ప్రస్థానం పెట్టిన రేసు కారు

కార్ల ప్రమాదాల గురించి మీరు చాలా విని ఉంటారు. గోడను గుద్దినవి, గుంటలో పడ్డవి, చెట్టెక్కినవి. నేను చెప్పబోయే ఘోరంలో కారుకి గీత కూడా పడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజను చక్కగా నడిచింది. డ్రైవరు, అంటే నేను, ఒక్క పొరపాటూ లేకుండా నడిపాను. అయినా అమెరికాలో మేముండే షామ్‌బర్గ్ చుట్టుపక్కల పాత కార్లతో పందాలాడే వాళ్ళు ఇవాళ్టికీ నన్ను చూడగానే చేతి గడియారం చూసుకుంటారు. చూసుకోనివ్వండి. తల దించుకోవడానికి నేను ఈ కథ చెప్పడం లేదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ని. మరలు సరిగ్గా బిగిశాయో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. రిటైరయ్యాక చూడ్డానికి మరలు లేకుండా పోయాయి. కొన్నాళ్ళు ఇంట్లో తలుపుల బందులు బిగించాను. అవి అయిపోయాక మా ఆవిడ రుక్మిణి పోపు డబ్బాల మూతలు తనిఖీ చేయడం మొదలుపెట్టాను. "మీరు ఏదైనా వ్యాపకం పెట్టుకోండి. లేకపోతే నేను మళ్ళీ ఉద్యోగంలో చేరతాను" అందావిడ. ఆ మాటను ఆ రోజే డైరీలో రాసుకున్నాను. తర్వాత జరిగిన వాటన్నిటికీ ఆవిడ అనుమతి ఉందని ఇప్పటికీ నా వాదన.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. కుర్రతనం, ఏం చేస్తాం. మా వీధి చివర నాలాగే రిటైరైన భాస్కర్‌రెడ్డి ఉన్నాడు. వరంగల్ మనిషి, చేతికి గ్రీజు అంటిన రోజు పండగ చేసుకునే రకం. ఊరి బయట ఒక మొక్కజొన్న రైతు షెడ్డులో పాత మజిల్ కారు పడి ఉందని కబురు తెచ్చింది అతనే. వెళ్ళి చూశాం. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కింద దున్నపోతంత ఇంజను. సీట్లో ఎలుకలు మూడు తరాలుగా కాపురం ఉంటున్నాయి.

"అన్నా, గిది సచ్చిపోలే. అలిగి పండుకున్నది. లేపితే లేస్తది" అన్నాడు భాస్కర్‌రెడ్డి. లేపాం.

మా బడ్జెట్టు గురించి ఎక్కువ చెప్పను. పందాలకు వచ్చే మిగతావాళ్ళు టైర్లు తుడుచుకునే గుడ్డలకు పెట్టేదాంతో మేము కారు కట్టాం. రేడియేటరు తుక్కు యార్డులో పడున్న ఒక వ్యానుది. రంగు మా కంచెకి వేయగా మిగిలిన గోధుమరంగు, అదీ బ్రష్షుతో. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాం. పారేయడానికి మనసొప్పక నేను దాన్ని హాల్లో వేసి, పైన దుప్పటి పరిచాను. ఇంటికొచ్చిన ఒక పెద్దాయన దాని మీద కూర్చుని, ఏదో పరధ్యానంలో సీటు బెల్టు కోసం తడుముకున్నాడు.

పందెం అంటే కార్లు ఒకదాన్నొకటి తరుముకునే పందెం కాదు. కౌంటీ ఫెయిర్ అనే ఇక్కడి తిరునాళ్ళు జరిగే మైదానం పక్కన పెద్ద పార్కింగ్ లాట్ ఉంది. అక్కడ నారింజరంగు కోన్లు వంకరటింకరగా పేరుస్తారు. ఒక్కొక్క కారే వాటి మధ్య నుంచి వెళ్ళి రావాలి. బయల్దేరే చోట నేల మీద ఒక గీత, దానికి అటూ ఇటూ చిన్న స్టాండ్లు, వాటి మధ్య కంటికి కనపడని కాంతి. కారు ముక్కు ఆ కాంతిని కోయగానే గడియారం మొదలవుతుంది. చివరి గీత దాటగానే ఆగుతుంది. ఆ టైము ఎర్రటి అంకెల్లో పెద్ద బోర్డు మీద పడుతుంది. మామూలు కారుకి నిమిషం, కాస్త అటూ ఇటూ.

మొదటి పందెంలో మా కారు సగం దూరంలో పొగలు కక్కి ఆగిపోయింది. రెండోసారి ఇంకొంచెం ముందుకు వెళ్ళి ఆగింది. నేను దీన్ని అభివృద్ధి అన్నాను. రుక్మిణి అనలేదు. ఆవిడ బాధ వేరు. మా గరాజులో ఒక కారుకే చోటు. ఆ చోటు నా కారుది కావడంతో ఆవిడ కారు చలికాలమంతా బయట మంచులో నిలబడింది. రోజూ పొద్దున్నే ఆవిడ చేతిలో గీకుడు చెక్కతో అద్దం మీద మంచు గీక్కునేది. ఆ గీకుడు చప్పుడు నాకు పడగ్గదిలోకి స్పష్టంగా వినపడేలా గీకేది.

శరదృతువు వచ్చింది. ఆ ఏటి ఆఖరి పందెం ముందు ఆవిడ తీర్పు చెప్పింది. "బోర్డు మీద మీ పేరు పక్కన ఒక టైము పడాలి. ఎంతైనా సరే, నాకు అనవసరం. పడిందా, కారు ఉంటుంది. ఫినిష్ కాలేదు అని పడిందా, సోమవారం తుక్కు వాడు వచ్చి పట్టుకుపోతాడు. ఫోన్ చేసి చెప్పేశాను."

మీరు ఇక్కడ ఇంకో మనిషిని తెలుసుకోవాలి. పేరు డగ్. నడివయసు ప్లంబరు, ఈ పందాలు నడిపే మా క్లబ్బులో మంచి డ్రైవరు. రెండో పందెంలో అతని కారు గీత దాటీ దాటగానే ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి వెళ్తానని అడిగాడు. అందరూ పాపం అన్నారు. ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పాపం అనకుండా బతికిన నేను లేచి, నియమాల పుస్తకం తెరిచి, అందరికీ వినపడేలా చదివాను. కాంతి కోసిన క్షణం పరుగు మొదలైనట్టే, కారణం ఏదైనా రెండో అవకాశం లేదు. క్లబ్బు పెద్ద వాల్టర్ మెత్తటి మనిషి. అయినా పుస్తకంలో ఉన్నదాన్ని కాదనలేకపోయాడు. డగ్ నన్ను చూసి ఒకసారి తలాడించాడు, అంతే.

ఆఖరి పందెం శనివారం పొద్దున. వాన సూచన ఉందని ఒక్కొక్కరికి ఒకే పరుగు అన్నారు. చీటీల్లో నాది మొదటి కారుగా వచ్చింది. చాలా సంతోషించాను. తర్వాత జేబులోని పంచాంగం తీసి చూశాను. అమెరికా సూర్యోదయానికి లెక్క కట్టిన పంచాంగమే. సరిగ్గా పందెం మొదలయ్యే వేళకి రాహుకాలం మొదలవుతోంది.

ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మంచి వేళకి బయల్దేరడం కుదరకపోతే మన పెద్దవాళ్ళు ప్రస్థానం పెట్టేవారు. కండువానో, గొడుగో, పెట్టెనో మంచి ఘడియలో గడప దాటించి పక్కింట్లో ఉంచేవారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత చెడు వేళలో బయల్దేరినా దోషం లేదు. ఒక్కటే షరతు: పెట్టిన ప్రస్థానాన్ని వెనక్కి తేకూడదు.

డ్రైవర్లందరూ మీటింగు కోసం గుడారం కింద చేరారు. రాహుకాలానికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. నేను భాస్కర్‌రెడ్డిని పక్కకు లాగాను.

"కారుని కొంచెం గీత దాటిద్దాం. ప్రస్థానం."

"కండువ పెట్టరాదె అన్నా. కారెందుకు?"

"పరుగెత్తేది కండువా కాదుగా."

"మరి గడియారం?"

"మీటింగు అవకుండా గడియారం ఎవడు పెడతాడయ్యా. అన్నిటికీ ఒక పద్ధతి ఉంటుంది."

ఇంజను ఆపే ఉంచి, వినాయకుణ్ణి తలుచుకుని, ఇద్దరం మోకాళ్ళు కలుక్కుమంటుంటే కారుని గీత అవతలికి నెట్టాం. గొప్ప ఘడియ. గాలి కూడా చల్లగా వీచింది. ఆ గాలి వానగాలి అని మాకు తర్వాత తెలిసింది.

మీటింగు ముగిసీ ముగియకుండానే ఉరిమింది. ఉరిమితే ఇక్కడ అందరూ కార్లలోకి వెళ్ళి కూర్చోవాలి. ఉరుము ఆగాక కూడా చాలాసేపు ఆగాలి. ఆ ఆగేలోపు మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికి. ఆ రోజు మేఘానికి ఆ నియమం తెలిసినట్టుంది. ఇక చాలు, మొదలుపెడదాం అనుకున్న ప్రతిసారీ ఒకసారి గొంతు సవరించుకునేది. నేనూ భాస్కర్‌రెడ్డీ మా కారులో కూర్చున్నాం. పైకప్పు కారి అతని భుజం తడుస్తోంది. చూస్తుండగానే రాహుకాలం మొత్తం గడిచిపోయింది.

"ప్రస్థానం ఉత్తగనే పెడితిమి గదన్నా. వెనుకకు తీస్కపోదామా?" అన్నాడు.

"వెనక్కి తేకూడదని చెప్పానా."

వాన తగ్గింది. జెండా ఊపే అమ్మాయి వచ్చి, నా కారు గీత దాటి ఉండటం చూసి, కాస్త వెనక్కి తీయమంది. తీయనన్నాను. ఆ అమ్మాయి వాకీటాకీలో టైము చూసే బల్లకి కబురు చేసింది. మా క్లబ్బులో డ్రైవర్లే వంతులవారీగా అన్ని పనులూ చేస్తారు. ఆ రోజు టైము చూసే వంతు డగ్‌ది. వాకీటాకీలో అతని గొంతు ఎంతో ప్రేమగా వినిపించింది. "ఆయన్ని కదపకు. అక్కడే చాలా బావున్నాడు."

మంచివాడు, పాత కక్ష మరిచిపోయాడు అనుకున్నాను.

తర్వాత నేను నడిపిన తీరు మీరు చూడాలి. నేను చెబితే డప్పు అవుతుంది, అయినా చెబుతాను. తడి నేల మీద ఆ గోధుమరంగు దున్నపోతుని భరతనాట్యం ఆడించాను. ఒక్క కోను కదల్లేదు. పొగ రాలేదు. ఆఖరి గీత దాటి, హెల్మెట్ తీసి, చెయ్యి ఊపుతూ దిగాను. చప్పట్లు రాలేదు. అందరూ బోర్డు వంక చూస్తున్నారు. నేనూ చూశాను.

గంటా నలభై రెండు నిమిషాలు. ఆపైన సెకన్లు, సెకన్లలో వెయ్యో వంతులతో సహా.

నా కంటే ముందు ఆ అంకెల్ని చూసింది రుక్మిణి. ఆవిడ బోర్డు ఎదురుగా తన కారులో కూర్చుని, వైపర్లు తిప్పుకుంటూ, వానంతా దాన్నే చూసింది. "ఎందుకు చెప్పలేదు?" అని తర్వాత అడిగాను. "అది పందెం గడియారమని నాకేం తెలుసు? టైము తప్పు చూపిస్తోంది, ఇంతమంది ఉండి గడియారం సరిగా పెట్టుకోలేరు అనుకున్నాను" అంది.

నేను నేరుగా వాల్టర్ దగ్గరికి వెళ్ళి, గడియారం పొరపాటున మొదలైంది, మళ్ళీ పరుగు ఇవ్వమన్నాను. అసలు ఎలా మొదలైందని అతను అడిగాడు. ప్రస్థానం అంటే ఏమిటో వివరించాను. చాలా శ్రద్ధగా విన్నాడు. డగ్ పక్కన నిలబడి ఇంకా శ్రద్ధగా విని, నియమాల పుస్తకం నా చేతికి ఇచ్చాడు. ఆ పేజీ దగ్గర మడత పెట్టి ఉంది.

"మీరు చదివితేనే బావుంటుంది సార్" అన్నాడు. "మీ గొంతు అందరికీ వినపడుతుంది."

వాల్టర్‌కి నా మీద జాలి కలిగింది. నన్ను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు. "ఒక పని చేద్దాం. ఫినిష్ కాలేదు అని రాసేస్తాను. ఆ టైము బోర్డు మీద ఉండదు. ఎవరూ నవ్వరు."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒకవైపు నా పరువు. రెండోవైపు గరాజు, సోమవారం, తుక్కు వాడు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. భాస్కర్‌రెడ్డి తన తడి భుజం తుడుచుకోవడం కూడా ఆపేశాడు. డగ్ అయితే నేను ఒప్పుకుంటానని అప్పుడే చిరునవ్వు మొదలుపెట్టేశాడు.

"రాయండి" అన్నాను.

"ఏం రాయమంటారు?"

"గంటా నలభై రెండు నిమిషాలు. వెయ్యో వంతుల దాకా రాయండి, ఒక్క అంకె వదలొద్దు. మొదలుపెట్టాను, ముగించాను, ఒక్క కోనూ తగల్లేదు. నియమం నియమమే."

రాశారు. నేను బోర్డు పక్కన ఛాతీ విరుచుకుని నిలబడి ఫొటో తీయించుకున్నాను. తీసింది డగ్గే. నవ్వాపుకోలేక రెండుసార్లు చెయ్యి వణికింది గాని, మూడోది చక్కగా వచ్చింది. పోతూ పోతూ చెయ్యి కలిపాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుళాయి కారితే అతన్నే పిలుస్తున్నాం. వచ్చినప్పుడల్లా వాచీ చూసుకుని, మీ లెక్కన ఐదు నిమిషాల పని అంటాడు.

రుక్మిణి మాట మీద నిలబడే మనిషి. ఎంతైనా సరే అంది, ఎంతో పడింది. అక్కడి నుంచే తుక్కు వాడికి ఫోన్ చేసి రావద్దంది. నా కారుని భాస్కర్‌రెడ్డికి అప్పగించి, ఆవిడ కారులో ఇంటికి వెళ్తూ దారిపొడవునా నేను నియమాల గొప్పదనం గురించి, ప్రస్థానం మహిమ గురించి మాట్లాడాను. బయల్దేరిన కారు క్షేమంగా గమ్యం చేరిందా లేదా? మన పెద్దవాళ్ళు వేగం గురించి ఎక్కడైనా హామీ ఇచ్చారా? ఒకసారి పెట్టింది ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి తేకూడదు, అదే దాని బలం అని గట్టిగా చెప్పాను. ఆవిడ అడ్డు చెప్పకుండా వింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

తొలి మంచు పడిన రోజు పొద్దున లేచేసరికి గీకుడు చప్పుడు లేదు. కిటికీలోంచి చూశాను. నా గోధుమరంగు కారు ఇంటి ముందు, నెత్తిన జానెడు మంచుతో నిలబడి ఉంది. గరాజులో రుక్మిణి కారు వెచ్చగా, పొడిగా, పెళ్ళికొడుకులా ఉంది. భాస్కర్‌రెడ్డి చేతులు నలుపుకుంటూ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. నా వంక చూడలేదు.

"ఇదేమిటి?" అన్నాను.

"వచ్చే ఏడు పందేలకి మంచి ముహూర్తం ఈ తెల్లవారుజామునే ఉందండీ" అంది రుక్మిణి, నా పంచాంగం నా ముందు పెడుతూ. "అన్నయ్యగారి సాయంతో నెట్టించి ప్రస్థానం పెట్టాను. ఇక వెనక్కి తేకూడదు కదా."

పంచాంగం చూశాను. తప్పు పట్టడానికి వీల్లేదు. దివ్యమైన ముహూర్తం.

ఏప్రిల్ దాకా ఆ మంచు నేనే గీకాను. అందుకే మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి స్టీరింగు మీద వేసి ప్రమాణం చేస్తున్నాను. పందేలు మానను. ప్రస్థానమూ మానను. కాని ఈ జన్మలో మళ్ళీ కారుని ప్రస్థానం పెట్టను, కండువానే పెడతాను. ఆ కండువా మహిమ గురించి రుక్మిణి వినేలా ఒక్క ముక్క కూడా మాట్లాడను.