ఎస్ట్‌కోర్ట్‌లో అరబ్బీ మాస్టారు

శనివారం ఉదయం ఆరున్నరకు డర్బన్‌లో మినీబస్సు టాక్సీ ఎక్కాం. సీట్లన్నీ నిండితేగాని డ్రైవరు కదలడు, ఏడు దాటింది. పక్కన ఇలియాస్ గడియారం చూసుకోవడం మానలేదు. ఇద్దరం ఒకే బడిలో మాస్టర్లం. నేను గుంటూరు నుంచి వచ్చాను, ఆయన సిరియా నుంచి. ఎస్ట్‌కోర్ట్‌లో ఒక గుజరాతీ ముస్లిం వర్తకుడు, పిల్లలకు అరబ్బీ చెబితే ఇల్లు ఇస్తానని ఇలియాస్‌తో ఫోన్‌లో అన్నాడట. ఇల్లుంటే భార్యనీ కూతురినీ రప్పించుకోవచ్చు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటాక ఇలియాస్ అన్నాడు: "నేను క్రైస్తవుణ్ణని ఆయనకు తెలియదు. అడగలేదు."

"అరబ్బీ చెప్పడానికి మతమెందుకు?"

"మా నాన్నా అదే అనేవాడు. అరబ్బీ మాట్లాడేవాళ్లంతా ఒకే జాతి, మసీదుకెళ్లినా చర్చికెళ్లినా. ఆ మాట మీదే మా దేశంలో సర్కారు వచ్చింది. తర్వాత ఆ సర్కారే నాన్నను జైల్లో పెట్టింది. తిరిగొచ్చాక ఆయన పెద్దగా మాట్లాడలేదు."

పది గంటలకు వర్తకుడి దుకాణం చేరాం. దుప్పట్లు, గిన్నెల మధ్య నుంచి ముసలాయన వచ్చి సలాం చెప్పి ఇలియాస్‌ను కౌగిలించుకున్నాడు. టీ, సమోసాలు వచ్చాయి. ఇలియాస్ కప్పు ముట్టకుండానే నిజం చెప్పేశాడు.

ముసలాయన తన కప్పు పక్కన పెట్టేశాడు.

గల్లా దగ్గరున్న కోడలు అంది: "తెల్లవాళ్ల రాజ్యం పోయాక వచ్చిన కొత్త రాజ్యాంగంలో అందరూ సమానమే అంటున్నారు కదా, పప్పా?"

"అది సర్కారుకమ్మా. ఇల్లు మసీదుది." ఇలియాస్ వైపు తిరిగాడు. "మేం ఖురాను చదువుతాం, అర్థం తెలియదు. మీకు అర్థం తెలుసు. అయినా మసీదు కమిటీ ఒప్పుకోదు, మాస్టారూ. భోంచేసి వెళ్లండి."

బిర్యానీ బాగుంది. ఇద్దరం సగంలోనే లేచాం.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు. ఇలియాస్‌కు ఇక గది ఎక్కడ వెతకాలా అని మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగింది. నా ఊరడిగి, నవ్వి, "మా అవ్వ తెలుగు, తెలుసా? నాకు 'తిన్నావా', 'ఛీ పో', అంతే!" అంది. డర్బన్‌లోనే ఆషర్‌విల్‌లో ఆమె ఇంటి వెనక గది ఖాళీగా ఉందట.

"ఫ్యామిలీ వస్తే ఓకే. బట్ చర్చ్ పీపులేనా మీరు? మా పాస్టర్ అడుగుతాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అవునంటే చాలు. ఇలియాస్ కిటికీలోంచి కొండలు చూస్తూ ఉండిపోయాడు.

"మాకో కూతురుందమ్మా, తొమ్మిదేళ్లు," అన్నాడు చివరికి. "ముందు గది చూపించండి. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను."

ఆవిడ ముఖం ముడుచుకుంది. కాసేపటికి సంచీలోంచి రెండు నారింజలు తీసి మా ఒళ్లో పెట్టింది.

"మండే కమ్," అంది. "సండే నాకు చర్చ్."

ఆ రోజంతా తిరిగిన తిరుగుడులో నాకు మనసు కుదుటపడింది ఆ మాటకే, అదీ కాసేపే. డర్బన్ మేడలు కనిపించేదాకా ఇలియాస్ నారింజ ఒలవనేలేదు.